యాంటీబయాటిక్ వేసుకున్నాక తగ్గిన జ్వరం, యాంటీబయాటిక్ వల్లే తగ్గిందా?

2025 నవంబరులో హైదరాబాద్ ఏఐజీ ఆస్పత్రి వైద్యుల అధ్యయనం ఒకటి లాన్సెట్ బృందానికి చెందిన వైద్య పత్రికలో వచ్చింది. ఆ వెంటనే టీవీల్లో, ఫోన్లలో ఒకటే అంకె చక్కర్లు కొట్టింది: 83 శాతం. వందలో 83 మంది భారతీయుల ఒంట్లో మందులకు లొంగని సూపర్‌బగ్స్ తిష్ఠవేశాయని చాలామంది అర్థం చేసుకున్నారు. డిసెంబరు చివర్లో ప్రధాని మన్ కీ బాత్‌లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నివేదికను ప్రస్తావించారు. న్యుమోనియాకు, మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లకు యాంటీబయాటిక్స్ సరిగా పనిచేయడం లేదని చెప్పి, డాక్టరు రాయకుండా వాడొద్దన్నారు. భయపడ్డవాళ్ళు ఉన్నారు. "మరి జ్వరమొస్తే ఏం చేయమంటారు?" అని విసుక్కున్నవాళ్ళూ ఉన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు దొరకాలంటే ముందు ఆ అంకె సంగతి తేల్చుకోవాలి.

83 శాతం అన్నది ఎవరి లెక్క?

అది ఊళ్ళలో ఇంటింటికీ తిరిగి చేసిన సర్వే కాదు. పిత్తనాళంలో రాళ్ళో అడ్డంకులో ఉంటే నోటి గుండా గొట్టం పంపి తీసే ప్రక్రియను ఈఆర్‌సీపీ అంటారు. దానికోసం ఆస్పత్రికి వచ్చిన 1200 మందికి పైగా రోగులను నాలుగు దేశాల్లో పరీక్షించారు. మందులకు లొంగని బాక్టీరియా భారత్‌లో 83 శాతం మందిలో కనిపిస్తే, ఇటలీలో 31.5, అమెరికాలో 20.1, నెదర్లాండ్స్‌లో 10.8 శాతం మందిలో కనిపించింది. ఈ రోగుల్లో చాలామంది అప్పటికే ఆస్పత్రుల చుట్టూ తిరిగి, రకరకాల మందులు వాడి ఉండొచ్చు. కాబట్టి వీళ్ళ లెక్కను తెచ్చి దేశ జనాభాకంతా అంటగట్టలేం. అయితే నాలుగు చోట్లా ఒకే రకం రోగులను పోల్చారు కదా, అక్కడ ఇంత తేడా రావడం మాత్రం కొట్టిపారేసేది కాదు.

ఇంకో తికమక కూడా ఉంది. ఒంట్లో బాక్టీరియా ఉండటం వేరు, దానివల్ల జబ్బు చేయడం వేరు. మన పేగుల్లో కోట్లాది బాక్టీరియా ఎప్పుడూ ఉంటాయి. వాటిలో మొండివి ఉన్నా మామూలు రోజుల్లో మనకు తెలియదు. ఆపరేషన్ జరిగినప్పుడో, ఐసీయూలో గొట్టాలు వేసినప్పుడో, క్యాన్సర్ మందులతో ఒంట్లో శక్తి తగ్గినప్పుడో అవి రక్తంలోకి, మూత్రంలోకి, ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. మందు దొరక్క డాక్టర్లు తల పట్టుకునేది అప్పుడే.

యాంటీబయాటిక్ దేన్ని చంపుతుంది, దేన్ని చంపదు

యాంటీబయాటిక్ పని బాక్టీరియా మీదే. బాక్టీరియా ఒక కణం. దాని చుట్టూ గోడ ఉంటుంది, లోపల ప్రొటీన్లు తయారుచేసుకునే యంత్రాంగం ఉంటుంది. పెన్సిలిన్, అమాక్సిసిలిన్, సెఫిక్సిమ్ ఆ గోడను కట్టుకోనివ్వవు. అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్ ప్రొటీన్ల తయారీని ఆపేస్తాయి. వైరస్‌కు ఆ గోడా లేదు, సొంత యంత్రాంగమూ లేదు. మన కణాల్లో దూరి, మన సరంజామానే వాడుకుంటుంది. అందుకే జలుబు, ఫ్లూ, డెంగీ, చికున్‌గున్యా, కోవిడ్‌ల మీద ఏ యాంటీబయాటిక్కూ పనిచేయదు. కోవిడ్ రోజుల్లో అజిత్రోమైసిన్‌ను ఇంటింటా మింగారు. తర్వాత బ్రిటన్‌లో జరిగిన పెద్ద ప్రయోగాల్లో దానివల్ల కోవిడ్ రోగులకు ఒరిగిందేమీ లేదని తేలింది.

యాంటీబయాటిక్ జ్వరం తగ్గించే మందు కూడా కాదు. ఒంటి వేడిని దించేది పారాసెటమాల్. బాక్టీరియా వల్ల వచ్చిన జ్వరమైతే, ఆ బాక్టీరియా చచ్చాక జ్వరం దానంతటదే దిగుతుంది.

కఫం పచ్చగా వస్తే బాక్టీరియానే అన్న నమ్మకం చదువుకున్నవాళ్ళలో కూడా గట్టిగా ఉంది. ఆ రంగు మన తెల్ల రక్తకణాల్లోని ఒక ఎంజైముది. కణాలు దేనితో పోరాడినా, అది వైరస్ అయినా సరే, ఆ రంగు రావచ్చు. రంగు ఒక్కదాన్ని చూసి చెప్పగలిగేది ఏమీ లేదు.

మూడో రోజు గోళీ, అయిదో రోజు ఉపశమనం

ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు జనానికి యాంటీబయాటిక్ మీద అంత గురి ఎలా కుదిరింది? కారణం అజ్ఞానం కాదు, అనుభవం. ఆ అనుభవం ఎలా పుడుతుందో లెక్క వేసి చూద్దాం.

గొంతు నొప్పి, కొద్దిపాటి జ్వరంతో వంద మంది పెద్దవాళ్ళు వచ్చారనుకోండి. వాళ్ళలో స్ట్రెప్టోకోకస్ అనే బాక్టీరియా వల్ల వచ్చినవాళ్ళు సుమారు 5 నుంచి 15 మంది. పిల్లల్లో అయితే 20 నుంచి 30 దాకా ఉండొచ్చు. మిగతావన్నీ దాదాపుగా వైరస్‌లే. మొదటి రెండు రోజులు ఓర్చుకుని, నొప్పి బాగా ముదిరిన మూడో రోజున వంద మందీ మందుల షాపులో అజిత్రోమైసిన్ కొనుక్కున్నారు. వైరస్ గొంతు నొప్పి మూడో రోజు తర్వాత ఎలాగూ తగ్గుముఖం పడుతుంది. వారం తిరిగేసరికి దాదాపు అందరూ తేరుకున్నారు. మందు నిజంగా పనికొచ్చింది ఓ పది మందికి. కానీ "ఆ గోళీతో తగ్గింది" అని చెప్పేవాళ్ళు వంద మంది! వాళ్ళలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. మందు వేసుకోకపోయినా తగ్గేదేనా అని చూసుకునే అవకాశం వాళ్ళకు లేదు, అంతే.

దగ్గు సంగతి ఇంకా చిక్కు. జలుబు తర్వాత మిగిలే దగ్గు వారంలో పోవాలని అందరం అనుకుంటాం. నిజానికి అది సగటున రెండున్నర వారాలు ఉంటుంది. పదో రోజుకు ఓపిక పోయి ఒక యాంటీబయాటిక్, అది పనిచేయలేదని ఇంకో యాంటీబయాటిక్ వాడతాం. రెండోది అయిపోయేసరికి దగ్గు సహజంగానే తగ్గుతుంది, పేరు మాత్రం రెండో మందుకు వస్తుంది. పైగా అది మొదటిదానికంటే ఖరీదైనదీ, బలమైనదీ అయి ఉంటుంది.

విరేచనాలది కూడా ఇదే కథ. పిల్లల్లో నీళ్ళ విరేచనాలు ఎక్కువగా వైరస్‌ల వల్లే వస్తాయి. ప్రాణం నిలబెట్టేది ఓఆర్‌ఎస్, తోడుగా జింకు. అయినా ఆఫ్లోక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన గోళీయో సిరప్పో కౌంటర్ మీదికి ముందు వస్తుంది. విరేచనంలో రక్తం పడితే, కలరా అనుమానం ఉంటే లెక్క మారుతుంది, అప్పుడు యాంటీబయాటిక్‌కు పని ఉంటుంది. ఆ తేడా తేల్చాల్సింది డాక్టరు.

టైఫాయిడ్ పాజిటివ్ అని రాసిన కాగితం

మన రెండు రాష్ట్రాల్లో యాంటీబయాటిక్ వాడకాన్ని పెంచినవాటిలో టైఫాయిడ్ కోసం చేసే విడాల్ అనే రక్తపరీక్షది పెద్ద పాత్ర అని నా అభిప్రాయం. రెండు రోజుల జ్వరానికే రక్తం ఇచ్చి, "ఓ 1:160, హెచ్ 1:160" అన్న కాగితంతో సాయంత్రానికి సెలైన్ ఎక్కించుకుంటున్నవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ కనిపిస్తారు.

ఆ పరీక్ష టైఫాయిడ్ క్రిమిని వెతకదు. ఆ క్రిమి మీద మన ఒళ్ళు తయారుచేసిన యాంటీబాడీలను వెతుకుతుంది. ఒకప్పుడు టైఫాయిడ్ వచ్చి తగ్గినవాళ్ళలో, తెలియకుండా ఆ క్రిమి సోకినవాళ్ళలో, దాని దగ్గరి చుట్టాలైన వేరే సాల్మొనెల్లాలు సోకినవాళ్ళలో కూడా అవి ఉంటాయి. టైఫాయిడ్ తరచూ వచ్చే ప్రాంతాల్లో ఆరోగ్యంగా ఉన్న మనిషికి పరీక్ష చేసినా అంకె కనిపించవచ్చు. ఇక నిజంగా టైఫాయిడ్ ఉన్నా, యాంటీబాడీలు పెరగడానికి వారం పడుతుంది కాబట్టి మొదటి రోజుల్లో పరీక్ష నెగెటివ్ రావచ్చు. రెండు రోజుల జ్వరానికి చేసిన విడాల్ అటు ఉన్నా నమ్మలేం, ఇటు లేకపోయినా నమ్మలేం. వారం పది రోజుల తేడాతో రెండుసార్లు చేసి అంకె నాలుగు రెట్లు పెరిగిందా అని చూస్తే కొంత అర్థముంటుంది. అంత ఆగేవాళ్ళు అరుదు.

నిజంగా తేల్చేది బ్లడ్ కల్చర్, అంటే రక్తంలోని క్రిమిని ప్రయోగశాలలో పెంచి చూడటం. అది కూడా పదింటిలో ఆరు కేసులనే పట్టుకుంటుంది, రెండు మూడు రోజులు పడుతుంది, ఖర్చూ ఎక్కువే. రక్తం ఇవ్వడానికి ముందే రెండు యాంటీబయాటిక్ గోళీలు పడితే క్రిమి పెరగక, ఆ ఆరు కూడా తగ్గిపోతాయి. "ముందు ఓ మాత్ర వేసి చూద్దాం" అన్న అలవాటు వల్ల తర్వాత పెద్దాసుపత్రిలో జబ్బేమిటో తేల్చే దారి కూడా మూసుకుపోతుంది.

అసలైన టైఫాయిడ్‌లో ఇంకో చిక్కు: సరైన మందు పడినా జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు, ఒక్కోసారి వారం పడుతుంది. ఆ సంగతి ముందుగా చెప్పకపోతే రెండో రోజుకే ఇంటిల్లిపాదికీ కంగారు. డాక్టరును మార్చడం, దాంతోపాటు మందు మారడం అక్కడ మొదలవుతుంది.

ఆలస్యం చేయకూడని జ్వరం కూడా ఉంది

ఇదంతా చదివి యాంటీబయాటిక్ అంటే విషం అనుకుంటే అదీ ప్రమాదమే. 2025 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో స్క్రబ్ టైఫస్ కేసులు, మరణాలు వార్తలకెక్కాయి. నల్లిలాంటి సూక్ష్మమైన పురుగు కుట్టడం వల్ల సోకే బాక్టీరియా జ్వరమిది. కుట్టినచోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. చంకలోనో గజ్జల్లోనో ఉంటే వెతికితే తప్ప కనిపించదు, కొందరిలో అసలు ఉండదు. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటాయి.

గమనించాల్సిందేమంటే, ఈ జ్వరానికి సెఫిక్సిమ్, అమాక్సిసిలిన్, సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ పనికిరావు. పని చేసేది డాక్సీసైక్లిన్, చవకైన పాత మందు. అది టెట్రాసైక్లిన్ కుటుంబానికి చెందింది. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో వెలుగు చూసింది. కనిపెట్టింది బెంజమిన్ డగ్గర్, ఆ పరిశోధన విభాగాన్ని నడిపించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఖరీదైన మందే గొప్పదని నమ్మేవాళ్ళకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

బాక్టీరియా వల్ల వచ్చే మెదడు పొరల వాపు, రక్తంలో ఇన్‌ఫెక్షన్ పాకే సెప్సిస్ లాంటివాటిలో గంటలు కూడా లెక్కే. అక్కడ డాక్టర్లు కల్చర్ కోసం రక్తం తీసి, ఫలితం వచ్చేదాకా ఆగకుండా బలమైన మందు మొదలుపెడతారు. రెండు మూడు రోజుల్లో రిపోర్టు వచ్చాక చిన్న మందుకు మారుస్తారు. మొదటి రోజు పెద్ద మందు ఇవ్వడం తప్పు కాదు. రిపోర్టు వచ్చాక కూడా దాన్నే లాగించడంతోనే ఇబ్బంది.

లొంగకపోవడం నేర్చుకునేది మన ఒళ్ళు కాదు

"నా ఒంటికి ఆ మందు పడటం లేదు, అలవాటైపోయింది" అంటుంటారు. మందుకు అలవాటుపడేది ఒళ్ళు కాదు, బాక్టీరియా. అనుకూలమైన చోట ఈ కోలై అనే బాక్టీరియా ఇరవై నిమిషాలకోసారి రెండవుతుంది. ఒక్కటి ఏడు గంటల్లో ఇరవై లక్షలు దాటుతుంది. అన్ని కాపీలు తీసేటప్పుడు జన్యువుల్లో అక్కడక్కడా తప్పులు దొర్లుతాయి. వాటిలో ఏదో ఒకటి మందును తట్టుకునే శక్తినిస్తే, మందు పడగానే మిగతావి చస్తాయి, అది మిగులుతుంది. ఖాళీ అయిన చోటంతా దాని సంతానమే.

పత్తి రైతుకు ఇది కొత్త సంగతి కాదు. శనగపచ్చ పురుగు మీద ఒకే రకం మందు మళ్ళీ మళ్ళీ కొడితే ఏమైందో 1990ల్లో వరంగల్, గుంటూరు చేలల్లో చూశాం. బాక్టీరియాకు పురుగుకు లేని ఇంకో సౌకర్యం కూడా ఉంది. మందును తట్టుకునే జన్యువును ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ చుట్ట రూపంలో పక్క బాక్టీరియాకు, అది వేరే జాతిదైనా, అందించగలదు. మనం గొంతు నొప్పికి మింగిన మాత్ర పేగుల్లో ఏ జబ్బూ చేయని బాక్టీరియా మీద కూడా పడుతుంది. అక్కడ మిగిలిన మొండివి ఆ జన్యువును రేపు జబ్బు చేసేవాటికి ఇవ్వగలవు.

మందులకు లొంగని బాక్టీరియా ఎంతమంది ప్రాణాలు తీస్తోందో చెప్పే అంకెలు రెండు కనిపిస్తాయి, రెండూ లాన్సెట్‌లో 2022లో వచ్చినవే. 2019లో ప్రపంచంలో 12.7 లక్షల మరణాలు అని ఒకటి, 49.5 లక్షలు అని ఇంకొకటి. ఒకే అధ్యయనంలో రెండంకెలేమిటని తికమకపడతారు. ఆ క్రిమి మందుకు లొంగే రకమై ఉంటే బతికేవాళ్ళని లెక్కగట్టింది మొదటిది. అసలు ఇన్‌ఫెక్షనే లేకపోయి ఉంటే బతికేవాళ్ళని లెక్కగట్టింది రెండోది.

కల్చర్ రిపోర్టు ఎలా చదువుతారు

మూత్రంలో మంటతో వెళ్ళిన ఒక మహిళకు వచ్చిన రిపోర్టు ఇలా ఉందనుకుందాం. పైన క్రిమి పేరు ఈ కోలై. కింద మందుల వరుస, ప్రతిదానికీ ఎదురుగా ఒక అక్షరం. ఆంపిసిలిన్ ఆర్, సిప్రోఫ్లాక్సాసిన్ ఆర్, సెఫిక్సిమ్ ఆర్. నైట్రోఫ్యూరంటాయిన్ ఎస్, ఫాస్ఫోమైసిన్ ఎస్, మెరోపెనెమ్ ఎస్. ఎస్ అంటే క్రిమి లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు. మధ్యలో ఐ అని ఉంటే మామూలు మోతాదుకు లొంగకపోవచ్చని.

ఎస్ ఉన్నవాటిలో పెద్దది మెరోపెనెమ్ కాబట్టి అదే రాయాలనిపించవచ్చు. డాక్టరు నైట్రోఫ్యూరంటాయిన్ రాస్తారు. ఇన్‌ఫెక్షన్ మూత్రాశయంలోనే ఉంటే అది చాలు, మింగే గోళీ, ఖర్చు తక్కువ. అదే చలిజ్వరంతో, నడుము పక్కన నొప్పితో వచ్చి ఉంటే ఇన్‌ఫెక్షన్ కిడ్నీకి పాకిందన్న అనుమానం. నైట్రోఫ్యూరంటాయిన్ కిడ్నీలో తగినంత చేరదు కాబట్టి అప్పుడు వేరే మందు కావాలి. ఒకే రిపోర్టు, ఇద్దరు రోగులు, రెండు వేర్వేరు మందులు. అక్షరం చూసి సొంతంగా మందు కొనుక్కోవడం కుదరకపోవడానికి కారణమిదే. ఇంకో మాట: మంటా జ్వరమూ ఏమీ లేకుండా, మామూలు చెకప్‌లో మూత్రంలో బాక్టీరియా కనిపిస్తే చాలా సందర్భాల్లో మందు అక్కర్లేదు. గర్భిణుల విషయం వేరు, వాళ్ళకు ఇస్తారు.

ఈ పెద్దా చిన్నా తేడానే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మూడు గుంపులుగా విడదీసింది. మామూలు ఇన్‌ఫెక్షన్లకు ముందుగా వాడదగ్గవి మొదటి గుంపు: అమాక్సిసిలిన్, డాక్సీసైక్లిన్, నైట్రోఫ్యూరంటాయిన్ లాంటివి. జాగ్రత్తగా కనిపెట్టి వాడాల్సినవి రెండో గుంపు: అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్, సిప్రోఫ్లాక్సాసిన్, సెఫ్ట్రియాక్సోన్, మెరోపెనెమ్. ఏ దారీ లేనప్పటి కోసం దాచుకున్నవి మూడో గుంపు: కొలిస్టిన్, లినజోలిడ్. వాడకంలో 70 శాతం మొదటి గుంపుదే ఉండాలని 2030 నాటికి చేరాల్సిన లక్ష్యంగా 2024లో ఐక్యరాజ్యసమితిలో దేశాలు ఒప్పుకున్నాయి. మన దేశంలో 2019 నాటి ప్రైవేటు అమ్మకాలను పరిశీలించిన ఒక అధ్యయనంలో మొదటి గుంపు వాటా 27 శాతం, రెండో గుంపు వాటా దాదాపు 55 శాతం. అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైనది అజిత్రోమైసిన్ 500, దాని తర్వాత సెఫిక్సిమ్ 200. అదే అధ్యయనం ఇంకో సంగతి కూడా చెప్పింది: తలసరి వాడకం మన దగ్గర చాలా దేశాలకంటే తక్కువే. మనం లెక్కకు మించి మింగుతున్నాం అనడం కంటే, చిన్న మందుతో పోయేచోట పెద్దదాన్ని మింగుతున్నాం అనడం నిజానికి దగ్గర.

కోర్సు పూర్తి చేయడం మీద నిపుణుల మధ్య వాదన

"తగ్గినా ఆపొద్దు, కోర్సు పూర్తి చేయాలి" అని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. దాని మూలం పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ దాకా వెళ్తుంది. 1945 నోబెల్ ఉపన్యాసంలో ఆయన ఒక ఊహాకథ చెప్పారు. గొంతు నొప్పి వచ్చిన ఒకాయన కొంచెం పెన్సిలిన్ కొనుక్కుని చాలీచాలకుండా వాడతాడు. క్రిములు చావవు, తట్టుకోవడం నేర్చుకుంటాయి. అవి భార్యకు సోకుతాయి, ఆమెకు పెన్సిలిన్ పనిచేయక చనిపోతుంది.

2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో కొందరు నిపుణులు దీనికి ఎదురు వాదన తెచ్చారు. చాలా ఇన్‌ఫెక్షన్లలో మొండితనం పెరిగేది జబ్బు చేసిన క్రిమిలో కాదు, పేగుల్లో, చర్మం మీద ఉండే మిగతా బాక్టీరియాలో. మందు ఎన్ని రోజులు పడితే వాటి మీద ఒత్తిడి అంత ఎక్కువ. కాబట్టి అవసరానికి మించి సాగదీసిన కోర్సే నష్టం చేస్తుందని వాళ్ళు అన్నారు. ప్రయోగాలు కూడా ఎక్కువగా అటే మొగ్గుతున్నాయి. మామూలు న్యుమోనియాకు పది రోజుల బదులు అయిదు రోజులు చాలునని తేలింది. రక్తంలో బాక్టీరియా చేరిన ఆస్పత్రి రోగుల్లో కూడా చాలామందికి పద్నాలుగు రోజుల బదులు ఏడు సరిపోతాయని 2024లో వచ్చిన బాలెన్స్ అనే పెద్ద ప్రయోగం చూపింది.

రెండో వైపు వాదన కూడా బలమైనదే. టీబీకి నెలల తరబడి మందు ఎందుకంటే నెమ్మదిగా పెరిగే ఆ క్రిమి దాక్కుని ఉంటుంది. మధ్యలో ఆపితే మొండి టీబీగా తిరిగొస్తుంది, దానికి సాక్ష్యాలు బోలెడు. స్ట్రెప్టోకోకస్ గొంతు నొప్పికి పెన్సిలిన్ పది రోజులు ఇవ్వడం గుండె కవాటాలను దెబ్బతీసే రుమాటిక్ జ్వరం రాకుండా కాపాడటానికి. "తగ్గితే ఆపేయండి" అని అందరికీ చెప్తే ఏది ఎప్పుడు ఆపాలో రోగికి ఎలా తెలుస్తుందని వీళ్ళ ప్రశ్న.

నాకు అర్థమైనంతలో రెండు పక్షాలూ కలిసేచోటు ఒకటి ఉంది. రోజులు తగ్గించాలా అన్నది డాక్టరు చీటీ రాసేటప్పుడే తేల్చాల్సిన సంగతి. రోగి ఇంటికెళ్ళి సొంతంగా తేల్చుకునేది కాదు. సొంతంగా ఆపితే మిగిలే నాలుగు గోళీలు అల్మారాలో చేరి, మరోసారి జ్వరమొచ్చినప్పుడు ఇంకెవరి చేతికో వస్తాయి. అటూ ఇటూ ఎవరూ సమర్థించనిది అదొక్కటే.

చీటీ లేకుండా అమ్మకం: చట్టం, దినకూలీ

మన దేశంలో యాంటీబయాటిక్స్ చీటీ లేకుండా అమ్మకూడదు. 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 అనే మందుల జాబితా అమల్లో ఉంది. సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్, లెవోఫ్లాక్సాసిన్, మెరోపెనెమ్ లాంటివి అందులో ఉన్నాయి. వీటిని అమ్మితే రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఎంత ఇచ్చారన్నది రిజిస్టరులో రాసి మూడేళ్ళు భద్రపరచాలి. స్ట్రిప్పు మీద కనిపించే నిలువు ఎర్రగీత డాక్టరు చీటీ ఉంటేనే వాడాల్సిన మందు అన్నదానికి గుర్తు. కేరళ 2024 జనవరిలో ఆపరేషన్ అమృత్ పేరుతో మందుల షాపుల మీద ఆకస్మిక తనిఖీలు మొదలుపెట్టింది.

గట్టిగా అమలు చేస్తే సగం సమస్య తీరుతుందన్నది ఒక వాదన. కాదనేవాళ్ళ మాట కూడా వినాలి. మిరప కోతకు వెళ్ళే మనిషికి పీహెచ్‌సీకి వెళ్ళి రావడమంటే ఆ రోజు కూలి పోయినట్టే. ఊళ్ళో ఆర్‌ఎంపీ సాయంత్రం ఇంటికే వస్తాడు, డబ్బు తర్వాత ఇచ్చినా సరేనంటాడు. ఆయన చేతిలో పరీక్షలు లేవు, రేపు మళ్ళీ చూసే వీలుంటుందో లేదో తెలియదు. కాబట్టి ఎందుకైనా మంచిదని యాంటీబయాటిక్ కలుపుతాడు. నగరంలో పెద్ద చదువుల డాక్టరు కూడా నిమిషానికో రోగిని చూడాల్సి వచ్చినప్పుడు ఇదే చేస్తారు. జబ్బేమిటో తేల్చే సమయం, పరీక్ష, డబ్బు లేనిచోట యాంటీబయాటిక్ ఆ ఖాళీని నింపుతోంది. షాపు తలుపు ఒక్కటే మూస్తే ఆ ఖాళీ పూడదు.

అందనివాళ్ళ లెక్క ఇంకా బాధ కలిగిస్తుంది. కార్బపెనెమ్ అనే బలమైన మందులకు కూడా లొంగని ఇన్‌ఫెక్షన్లు వచ్చినవాళ్ళలో సరైన మందు ఎంతమందికి దక్కిందని ఎనిమిది దేశాల 2019 సమాచారంతో లెక్కగట్టి 2025లో ప్రచురించారు. మొత్తంగా 6.9 శాతం, భారత్‌లో 7.8 శాతం. వైరస్ జ్వరానికి అజిత్రోమైసిన్ విచ్చలవిడిగా దొరికే దేశంలోనే, ప్రాణం మీదికొచ్చినవాళ్ళలో పన్నెండు మందికి ఒక్కరికైనా సరైన మందు అందడం లేదు.

చెరువుల్లో, కోళ్ళ ఫారాల్లో, పటాన్‌చెరు నీళ్ళలో

మనుషులు మింగేది ఒక భాగమే. దాచుకోవాల్సిన మందైన కొలిస్టిన్‌ను కోళ్ళ దాణాలో కలిపేవాళ్ళు. ఆహారం కోసం పెంచే పశుపక్ష్యాదులకు దాన్ని వాడకుండా 2019 జులైలో కేంద్రం నిషేధించింది. రొయ్యల ఎగుమతిలో ముందున్న ఆంధ్రప్రదేశ్‌కు ఇది నేరుగా డబ్బుతో ముడిపడ్డ సంగతి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల అవశేషాలు దొరికితే అమెరికా, ఐరోపా రేవుల్లో సరుకు ఆగిపోతుంది.

పటాన్‌చెరు కథ ఇంకో రకం. మందుల కంపెనీల వ్యర్థ జలాలు వచ్చే శుద్ధి కేంద్రం నుంచి బయటికి వదిలిన నీళ్ళను స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. ఆ తర్వాత వ్యర్థాలను బయటికి వదలని పద్ధతులకు మారామని పరిశ్రమ అంటుంది. ఊళ్ళ మురుగు, ఆస్పత్రుల మురుగు కూడా కారణమేనని గుర్తుచేస్తుంది. ఆ రెండో మాటలో నిజముంది. అయితే వ్యర్థ జలాల్లో యాంటీబయాటిక్స్‌కు పరిమితులు పెడుతూ 2020 జనవరిలో కేంద్రం ముసాయిదా ఇచ్చింది, 2021లో వచ్చిన తుది నిబంధనల్లో ఆ పరిమితులు లేవు. కంపెనీల చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు ఇది పెద్ద అన్యాయమని నేననుకుంటాను.

పోయిన మందు తిరిగి వస్తుందా?

కొన్నిసార్లు వస్తుంది. ఒకప్పుడు టైఫాయిడ్ అంటే క్లోరాంఫెనికాలే. 1990 ప్రాంతంలో క్రిమి దానికి లొంగడం మానేసింది. డాక్టర్లు సిప్రోఫ్లాక్సాసిన్‌కు మారారు. కొన్నేళ్ళకు అదీ పోయింది. ఈలోగా క్లోరాంఫెనికాల్ వాడకం దాదాపు ఆగిపోవడంతో ఇప్పుడు మన దేశపు టైఫాయిడ్ నమూనాల్లో అత్యధికం దానికి మళ్ళీ లొంగుతున్నాయి. అలాగని ప్రతిసారీ ఇలా జరుగుతుందని లేదు. బ్రిటన్‌లో 1990ల్లో సల్ఫా మందుల వాడకం 97 శాతం పడిపోయినా, ఈ కోలైలో వాటికి లొంగని రకాలు తగ్గలేదు. ఆ జన్యువులు వేరే మందులను తట్టుకునే జన్యువులతో కలిసి ఒకే ప్లాస్మిడ్ మీద ఉండటం ఒక కారణం.

జబ్బే రాకుండా చేస్తే ఈ ప్రశ్నే ఉండదు. 2016లో పాకిస్తాన్ సింధ్ రాష్ట్రంలోని హైదరాబాద్‌లో సెఫ్ట్రియాక్సోన్‌కు కూడా లొంగని టైఫాయిడ్ మొదలైంది. డాక్టర్ల చేతిలో అజిత్రోమైసిన్, మెరోపెనెమ్ లాంటివి తప్ప ఏమీ మిగల్లేదు. 2018లో ఆ ఊళ్ళో రెండు లక్షల మందికి పైగా పిల్లలకు టైఫాయిడ్ టీకా వేశారు. ఆ మొండి రకం నుంచి 97 శాతం రక్షణ దొరికినట్టు తర్వాత లెక్కతేలింది. 2019లో పాకిస్తాన్ దాన్ని పిల్లలకు మామూలుగా వేసే టీకాల్లో చేర్చింది, అలా చేర్చిన మొదటి దేశం అదే. ఆ టీకా మన హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారు చేసినది.